గడ్డి మందు లెటర్ మీద ఈసారి నేను సంతకం పెట్టను

ఈ గ్రూపులో కోయ, గోండు, కొలామ్, చెంచు, ఎరుకల, లంబాడ అన్నలు, అక్కలు, తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అందరూ ఉన్నరు. పోస్టు పొడుగ్గానే ఉంటది. కొంచెం ఓపికతోని చివరిదాకా చదవండి. నేను చెప్పింది తప్పనిపిస్తే కింద రాయండి, ఏమనుకోను.

విషయం ఏందంటే, మొన్న ఆదివారం మా హాస్టల్ గ్రూపులో ఒక లెటర్ తిరిగింది. "వానలు పడ్డయి, హాస్టల్ గేటు నుంచి మెయిన్ రోడ్డు దాకా రెండు పక్కల గడ్డి మోకాళ్ళెత్తు పెరిగింది, పాములు వస్తున్నయి, దోమలు వస్తున్నయి, కాబట్టి వెంటనే గడ్డి మందు కొట్టించాలె" అని వార్డెన్ సార్‌కు రాసిన లెటర్. నిన్నటికి నలభై మంది సంతకాలు పెట్టిన్రు. నన్ను కూడా అడిగిన్రు. నేను పెట్టలేదు. "ఏందిరా, పోయినేడు లెటర్ రాసిందే నువ్వు గదా" అని రూమ్మేట్లు నవ్విన్రు.

నిజమే. పోయినేడు రాసింది నేనే. అందుకే ఈ పోస్టు రాస్తున్న.

మా హాస్టల్ పాతబస్తీలో ఉంటది, చాంద్రాయణగుట్ట నుంచి బండ్లగూడ దిక్కు పోయే తొవ్వలో. ఊరంటే చార్మినార్, గాజుల దుకాణాలు, ఇరానీ చాయ్ అనుకుంటరు గానీ, ఈ అంచుల్లో ఇంకా ఖాళీ జాగలు, గుట్టరాళ్ళు, రోడ్డు పక్కన గడ్డి, గడ్డిలో మేకలు, బర్రెలు అన్నీ ఉంటయి. మాది దేవరకొండ దిక్కు ఒక తండా. మా ఇంట్లో కాలేజీ మెట్లు ఎక్కిన మొదటోణ్ణి నేను. చేతిరాత మంచిగుంటదని, బీఎస్సీలో బోటనీ ఉన్నదని పోయినేడు లెటర్ నాతోనే రాయించిన్రు. జూలైల ఒకరోజు రాత్రి ఫస్టియర్ తమ్ముడొకడు మెస్ వెనుక పాము చూసిండు. తెల్లారి నేను లెటర్ రాసిన. "అవాంఛిత గడ్డిని నిర్మూలించుటకు" అని పెద్ద పెద్ద మాటలు పెట్టి రాసిన. ఆ మాటలు రాసినందుకు అప్పుడు కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

పది రోజులకు మందు కొట్టెటోడు వచ్చిండు. నా వయసే ఉంటది, ఇంకో రెండేండ్లు ఎక్కువేమో. కాళ్ళకు రబ్బరు చెప్పులు, మూతికి దస్తీ, వీపు మీద తైవాన్ పంపు. చేతికి గ్లౌజులు లేవు. బకెట్ల నీళ్ళు పోసి, డబ్బాల మందు మూతతోని కొలిచి పోసి, కట్టెపుల్ల దొరకకపోతే చేత్తోనే కలిపిండు. నేను క్లాసుకు పోతున్న. ఆగి చూస్తుంటే, ఫోన్ మోగింది ఆయనకు. మాట్లాడింది మా గోర్ బోలి. ఫోన్ పెట్టేసినంక నేను "భియా, ఏ తండా?" అని అడిగిన. అచ్చంపేట దిక్కు తండా అన్నడు. పదో తరగతి ఫెయిలై, పత్తి చేన్ల అప్పైతే, పట్నం వచ్చిండంట. రోజు కూలికి కాంట్రాక్టర్ కింద చేస్తుండు.

డబ్బా నా చేతికిచ్చి "నువ్వు చదువుకుంటున్నవు గదా, దీని మీద ఏం రాసిండ్రో చూడు, చేతులు మండుతున్నయి" అన్నడు.

డబ్బా మీద అక్షరాలు చీమ తలకాయంత ఉన్నయి. నేను చదివిన. గ్లౌజులు తొడుక్కోవాలె, కండ్లకు అద్దాలు పెట్టుకోవాలె, గాలికి ఎదురు కొట్టొద్దు, కొట్టేటప్పుడు తినొద్దు, బీడీ తాగొద్దు, అయిపోయినంక సబ్బుతోని కడుక్కోవాలె. నేను ఒక్కొక్కటి చదువుతుంటే ఆయన ఒక్కొక్కదానికి నవ్విండు. ఆఖరికి "ఇవన్నీ నాకు ఎవలిస్తరు భియా" అన్నడు. మా హాస్టల్ నల్లా కాడ చేతులు కడుక్కొని, మళ్ళ పంపు ఎత్తుకున్నడు.

ఆ మందు కొట్టించమని లెటర్ రాసింది నేను. కొట్టింది మనోడు. "అవాంఛిత" అనే మాట నేను గడ్డి మీద రాసిన, అది పోయి ఎవలి చేతుల మీద పడిందో ఆ రోజు చూసిన.

అసలు గడ్డి మందు అంటే ఏంది

మనం అన్నిటినీ కలిపి గడ్డి మందు అంటం గానీ, అన్నీ ఒక్కటి కావు. ఎక్కువ నడిచేటివి మూడు.

ఒకటి గ్లైఫోసేట్. 1974ల మోన్‌శాంటో కంపెనీ రౌండప్ అనే పేరుతోని మార్కెట్లకు తెచ్చింది. ఆకు మీద పడితే లోపలికి దిగి వేరు దాకా పోతది. మొక్క తనకు కావలసిన కొన్ని అమైనో ఆమ్లాలు తయారు చేసుకోకుండా ఒక ఎంజైమును ఆపేస్తది. నాలుగైదు రోజులకు పసుపు పడుతది, రెండు మూడు వారాలల్ల పూర్తిగా ఎండుతది. ఇది గరిక, గునుగు, తుమ్మికూర, హరితహారంల పెట్టిన మొలక అని చూడదు. ఏ ఆకు మీద పడితే దాన్ని చంపుతది.

రెండోది పారాక్వాట్. ఇది తగిలిన ఆకును ఎండలో ఒకటి రెండు రోజులల్ల కాల్చినట్టు మాడుస్తది. వేరు దాకా పోదు, అందుకే తుంగ లాంటిది మళ్ళ మొలుస్తది. దీనికి విరుగుడు లేదు. ఈ మాట మళ్ళ చెప్తున్న, విరుగుడు లేదు.

మూడోది 2,4-డి. ఇది గడ్డి జాతిని వదిలి వెడల్పాకు మొక్కలను చంపుతది. వియత్నాం యుద్ధంల 1960లల్ల అమెరికా అడవుల మీద విమానాలతోని చల్లిన ఏజెంట్ ఆరెంజ్‌ల సగం ఇదే. దాంట్ల ఎక్కువ హాని చేసింది రెండో సగంల కలిసిన డయాక్సిన్ అని చెప్తరు, అది వేరే సంగతి. కానీ అడవిల దాక్కున్న మనుషులను బయటికి తేవాలంటే ముందు ఆకును చంపాలె అని ఆలోచించిన చరిత్ర ఈ మందులకు ఉన్నదని, అడవి బిడ్డలుగా మనకు యాదికి ఉండాలె.

చట్టం ఏమంటది

నేను కూడా పోయినేడు ఇదేం తెలుసుకోలేదు. పురుగు మందులకు, గడ్డి మందులకు మన దేశంల 1968 క్రిమిసంహారకాల చట్టం ఉన్నది, 1971 నియమాలు ఉన్నయి. ఏ మందు ఎక్కడ వాడాలెనో రిజిస్ట్రేషన్‌లనే రాసి ఉంటది. గ్లైఫోసేట్‌కు మన దేశంల ఉన్న అనుమతి తేయాకు తోటలకు, పంట లేని జాగలకు. పత్తి చేనుకు లేదు. అయినా మన జిల్లాలల్ల గడ్డి మందు తట్టుకునే దొంగ పత్తి విత్తనాలు వచ్చినంక, పత్తిల ఇదే కొడుతున్నరు. ఆ దొంగ విత్తనాల గొడవతోనే 2018ల తెలంగాణ ప్రభుత్వం గ్లైఫోసేట్ అమ్మకం మీద ఆంక్షలు పెట్టింది. అదే ఏడు పంజాబ్ అమ్మకం ఆపింది. 2019ల కేరళ నిషేధించింది. 2022 అక్టోబర్‌ల కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చింది: లైసెన్సు ఉన్న పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇంకెవ్వరూ గ్లైఫోసేట్ వాడొద్దు అని.

అంటే రోడ్డు పక్కన కొట్టుడు మొత్తానికే నిషేధం కాదు. కానీ ఎవరు పడితే వాళ్ళు, రబ్బరు చెప్పులతోని, చేత్తో కలిపి కొట్టేది మాత్రం కాదు. కొట్టెటోళ్ళకు రక్షణ బట్టలు ఇచ్చే బాధ్యత పని చేయించుకునేటోళ్ళ మీద ఉన్నది. మా రోడ్డు మీద వచ్చిన అన్నకు లైసెన్సు అంటే ఏందో కూడా తెలవదు. తప్పు ఆయనది కాదు.

ఇంకో చిన్న ముచ్చట. డబ్బా మీద డైమండ్ లాంటి గుర్తు ఉంటది, దాంట్ల కింది సగం రంగు చూడండి. ఎరుపు అంటే అన్నిటికంటే విషం, తర్వాత పసుపు, తర్వాత నీలం, ఆఖరికి ఆకుపచ్చ. చదువు రానోళ్ళకు కూడా అర్థం కావాలని పెట్టిన గుర్తు అది. కానీ మా తండాల ఎంతమందికి తెలుసని అడిగితే, ఒక్కరు కూడా చెప్పలేదు. మా బాకు నేను పోయిన దసరాకు చెప్పిన. ఇరవై ఏండ్ల నుంచి మందు కొడుతున్నడు మా బా.

క్యాన్సర్ వస్తదా?

ఇక్కడ నేను గొప్పలు చెప్ప. 2015 మార్చిల ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉండే క్యాన్సర్ పరిశోధన సంస్థ గ్లైఫోసేట్‌ను "మనుషులకు బహుశా క్యాన్సర్ కలిగించేది" అనే 2ఎ జాబితాల పెట్టింది. అదే జాబితాల ఎర్ర మాంసం కూడా ఉన్నది. అమెరికా పర్యావరణ సంస్థ మాత్రం క్యాన్సర్ వచ్చే అవకాశం లేదనే చెప్తున్నది. శాస్త్రవేత్తల మధ్య వాదన ఇంకా తెగలేదు. కాబట్టి వాట్సాప్‌ల వచ్చే "ఒక్క చుక్క పడితే క్యాన్సర్" లాంటివి నమ్మకండి, ఫార్వర్డ్ చేయకండి. అబద్ధంతోని కొట్లాడితే నిజం కూడా ఓడిపోతది.

కానీ ఒక కేసు చెప్త. కాలిఫోర్నియాల డ్వేన్ జాన్సన్ అని ఒకాయన, స్కూళ్ళ గ్రౌండ్లు చూసుకునే పని. ఆయన పనే ఈ మందు కొట్టుడు. ఒంటి మీద మందు పడ్డది, తర్వాత లింఫోమా అనే క్యాన్సర్ వచ్చింది. 2018 ఆగస్టుల కోర్టుల జ్యూరీ మోన్‌శాంటో ఆయనకు 28.9 కోట్ల డాలర్లు కట్టాలన్నది. పై కోర్టుల్లో అది 2.05 కోట్ల డాలర్లకు తగ్గింది. అయినా గెలిచిండు. నాకు దీంట్ల పైసల కంటే ఇంకోటి కనిపించింది. కోర్టుకు పోయింది కంపెనీ శాస్త్రవేత్త కాదు, పెద్ద రైతు కాదు. స్కూల్ల గడ్డికి మందు కొట్టే పనోడు. మందు ఎవరి కోసం కొట్టినా, మొదట తగిలేది కొట్టినోడికే.

దూరం ఎందుకు, ఆదిలాబాద్ దాటితే యవత్మాల్ జిల్లా. 2017ల అక్కడ పత్తి చేన్లల్ల పురుగు మందు కొడుతూ, ఆ మందు గాలి పీల్చి 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయిన్రు. అవి గడ్డి మందులు కావు, పురుగు మందులు. కానీ పంపు అదే, చెప్పులు అవే, దస్తీ అదే.

ఆ గడ్డి ఎవలికి అవసరం లేనిది?

మందు కొట్టిన మూడో రోజు సాయంత్రం, మా గేటు కాడికి ఒక చాచా వచ్చిండు. బర్రెలు ఉన్నయి ఆయనకు, రోజూ కొడవలి పట్టుకొని వచ్చి రోడ్డు పక్కన గడ్డి కోసి సైకిల్ మీద కట్టుకొని పోతడు. మూసీ వెంబడి మురికి నీళ్ళతోని పెరిగే పారాగడ్డి కట్టలు కొనాలంటే పైసలు కావాలె, ఇది ఊరికే దొరుకుతది. గడ్డి అప్పుడప్పుడే పసుపు పడుతున్నది. ఎండకు అనుకున్నడేమో, కొయ్యబోతుంటే నేను ఉరికి పోయి "చాచా, దవా మారే ఇస్‌కో" అన్న. ఆయన కొడవలి కింద పెట్టి, "కల్ భీ లేగయా మై" అన్నడు. నిన్న కూడా తీసుకపోయిండు. బర్రెకు ఏమన్నా అయిందా అంటే, దేవుని దయ, ఏం కాలేదు. కానీ పది రోజులు ఆ పాలు ఎవలికి పోసిండో, పోసేటప్పుడు ఏమనుకున్నడో నాకు తెలవదు. అక్కడ ఒక బోర్డు పెట్టలేదు, ఎవ్వరికీ ఒక మాట చెప్పలేదు. నా లెటర్‌ల కూడా "చుట్టుపక్కలోళ్ళకు చెప్పండి" అని ఒక లైను రాయలేదు నేను.

సెప్టెంబర్ చివరికి బతుకమ్మ వచ్చింది. పక్క సందుల ఉండే లేడీస్ హాస్టల్ అక్కలు ప్రతి ఏడు ఆ రోడ్డు పక్కనే గునుగు పువ్వు కోసుకుంటరంట. ఆ ఏడు అక్కడ గునుగు లేదు. గుడిమల్కాపూర్ పోయి కొనుక్కొచ్చిన్రు. గునుగును వ్యవసాయ పుస్తకంల చూస్తే కలుపు మొక్క అని ఉంటది. మనకు అది బతుకమ్మ. తంగేడు మన రాష్ట్ర పువ్వు, అది కూడా పెరిగేది రోడ్ల పక్కన, గట్ల మీద, బంజరుల. వినాయక చవితికి గరిక కావాలె. ఇవన్నీ "అవాంఛిత" జాబితాల ఉన్నయే.

ఇక కూరలు. మా యాడి కూలికి పోయి వచ్చేటప్పుడు కొంగుల ఏదో ఒకటి తెచ్చేది. తుమ్మికూర, గంగవాయిలి, పొన్నగంటి, చెంచలికూర, దొగ్గలికూర. మా గోర్ బోలిల భాజీ అంటం. జొన్న బాటిల వేసుకొని తింటే ఆ రోజుకు అదే పండగ. ఇంట్ల పప్పు లేని రోజులల్ల మమ్మల్ని సాదింది ఆ కొంగుల తెచ్చిన ఆకే. జహీరాబాద్ దిక్కు పస్తాపూర్ల డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత అక్కలు ఇట్లాంటి, విత్తకుండనే మొలిచే ఆకుకూరలను లెక్కగట్టి, పేర్లు రాసి, దేంట్ల ఏ బలం ఉన్నదో లోకానికి చూపించిన్రు. వాళ్ళు ఒక్కటే చెప్పిన్రు: కలుపు అని ఒక పేరు పెట్టినంత మాత్రాన అది పనికిరానిది కాదు.

మా లంబాడోళ్ళ సంగతి అయితే చెప్పనే అక్కర్లేదు. మా తాతలు లక్షల ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు మోసి దేశాలు తిరిగిన్రు. గడ్డి లేకపోతే ఎద్దు లేదు, ఎద్దు లేకపోతే బంజారా లేడు. మొఘల్ సైన్యం దక్కన్ మీదికి వచ్చినప్పుడు భంగీ, ఝంగీ నాయక్‌ల ఎడ్లు సైన్యానికి తిండి మోసినందుకు, వాళ్ళకు ఒక రాగి రేకు రాసిచ్చిన్రని మా పెద్దలు చెప్తరు. నీళ్ళు దొరకకపోతే ఇండ్లల్ల కుండల నీళ్ళు, గడ్డి దొరకకపోతే ఇంటి కప్పు మీది గడ్డి తీసుకునే హక్కు దాంట్ల ఉన్నదంట. రాజు ఇచ్చిన హక్కుల్ల గడ్డి కూడా ఒకటి! ఈ పట్నంల మన పేరు మీద ఉన్నది ఇప్పుడు బంజారాహిల్స్ ఒక్కటే, అక్కడ మన ఎద్దు నిలబడటానికి జాగ లేదు. తీజ్ పండగకు మన చెల్లెళ్ళు బుట్టలల్ల గోధుమ మొలకలు పెంచి, తొమ్మిది రోజులు నీళ్ళు పోసి, పాటలు పాడి మొక్కుతరు. మొలకకు మొక్కే జాతి మనది. అట్లాంటోళ్ళ పిల్లగాన్ని నేను, గడ్డిని చంపమని మంచి చేతిరాతతోని లెటర్ రాసిన.

అవతలి వాదన కూడా వినాలె

లెటర్ మీద సంతకం పెట్టిన దోస్తులు తెలివి లేనోళ్ళు కాదు. వాళ్ళ మాటల్ల న్యాయం ఉన్నది.

పాము భయం నిజం. నేను కూడా భయపడ్డ. కానీ బోటనీ సార్ ఒక మాట అడిగిండు: "మందు కొట్టినంక గడ్డి ఎక్కడికి పోతది?" ఎక్కడికీ పోదు. చచ్చిన గడ్డి ఎండి అట్లనే నిలబడి ఉంటది. పాము పచ్చగడ్డిల ఎంత దాక్కుంటదో ఎండుగడ్డిల కూడా అంతే దాక్కుంటది. పైగా ఎవలన్నా బీడీ ముక్క పడేస్తే అంటుకుంటది. ఆఖరికి ఆ ఎండినదాన్ని కూడా కోసి తీయాల్సిందే. కోసుడు తప్పనప్పుడు, మందు ఎందుకు? ఇంకా చెప్పాలంటే పాము వచ్చింది గడ్డి కోసం కాదు, ఎలుక కోసం. ఎలుక వచ్చింది మెస్ వెనుక మనం పారబోసే అన్నం కోసం. అది ఆపమని లెటర్ ఎవ్వరం రాయలేదు.

దోమల సంగతి కూడా అంతే. డెంగ్యూ దోమ గుడ్లు పెట్టేది నిలవ ఉన్న మంచి నీళ్ళల్ల. కూలర్ల, టైర్ల, డాబా మీద మూత లేని డ్రమ్ముల. మా హాస్టల్ డాబా మీద మూత లేని డ్రమ్ములు మూడు ఉన్నయి, పోయి చూడండి.

రోడ్డు మూలమలుపుల కాడ గడ్డి పెరిగితే ఎదురొచ్చే బండి కనపడదు, యాక్సిడెంట్లు అయితయి. ఇది నేను వంద శాతం ఒప్పుకుంట. అక్కడ గడ్డి పొట్టిగ ఉండాల్సిందే. కానీ పొట్టిగ ఉంచుడు వేరు, చంపుడు వేరు. రోడ్డు అంచు మట్టిని పట్టి ఉంచేది గడ్డి వేరే. వేరు చస్తే, రెండు వానలకు అంచు కోసుకపోతది.

"కోపిస్తే ఖర్చు ఎక్కువ, మందు చవక" అంటరు. ఒక్కరోజు లెక్కల చవకనే. కానీ మట్టిల పడ్డ విత్తనం మందుకు చావదు, మళ్ళ వానకు మళ్ళ మొలుస్తది. మా రోడ్డు మీద ఏమైందో చెప్తే మీకు అర్థమైతది. గరిక, తుంగ, గునుగు అన్నీ చచ్చి జాగ ఖాళీ అయ్యింది. నవంబర్ వానకు ఆ ఖాళీల మొలిచింది వయ్యారిభామ. ఇంతకుముందు అక్కడక్కడ ఉండేది, ఇప్పుడు రోడ్డు పొడుగునా అదే. ఈ ఏడు లెటర్‌ల "గడ్డి" అని రాసిన్రు చూడండి, దాంట్ల ముప్పావు వంతు వయ్యారిభామనే. పోయినేడు నేను రాసిన లెటరే ఈ ఏడు లెటర్‌ను పుట్టిచ్చింది.

వయ్యారిభామ నిజంగనే చెడ్డది. అది మన గడ్డి కాదు, అమెరికా ఖండాల నుంచి వచ్చింది. మన దేశంల 1955ల పుణె కాడ గుర్తుపట్టిన్రు, ఇప్పుడు లేని జిల్లా లేదు. తగిలితే ఒళ్ళంతా దురద, దాని పుప్పొడితోని ఉబ్బసం. పశువు కూడా ముట్టదు. 2000ల అనంతపురం జిల్లాల వేరుశనగకు వచ్చిన కాండం కుళ్ళు వైరస్‌ను మోసింది కూడా దీని పుప్పొడే, ఆ ఒక్క సీజన్ల 300 కోట్లకు పైగా నష్టం అని లెక్కగట్టిన్రు. దాన్ని తీసెయ్యాల్సిందే. నేను ఏ మొక్కనూ ముట్టొద్దు అనే వేదాంతం చెప్తలేను. దేన్ని తియ్యాలె, ఎట్ల తియ్యాలె, ఎవలితోని తియ్యించాలె అనేది ఆలోచించి చెయ్యాలె అంటున్న.

ఇంకో మాట నిజాయితీగా చెప్పాలె. మా బా కూడా పత్తి చేన్ల గడ్డి మందు కొడుతడు. మూడెకరాలకు కలుపు కూలీలు దొరకరు, దొరికినా ఇచ్చే స్థోమత లేదు. మా బాను నేను తప్పుపట్ట. కానీ మా యాడికి ఇంతకుముందు కలుపు కూలి నెలల కొద్దీ దొరికేది, ఇప్పుడు దొరకట్లేదు. ఒకే ఇంట్ల బా ఖర్చు తగ్గింది, యాడి కూలి పోయింది. ఏది లాభమో ఏది నష్టమో మా ఇంట్ల లెక్క ఇంకా తెగలేదు. రైతు కష్టం వేరు. ఒక హాస్టల్, ఒక రోడ్డు, ఒక ఆఫీసు ముందర గడ్డి వేరు. అక్కడ పంట పోయేదేం లేదు. అక్కడ మందు కొట్టుడు అవసరం కాదు, అలవాటు.

ఇంట్ల ఉన్న డబ్బా సంగతి

ఇది రాయాలా వద్దా అని చానా ఆలోచించిన. మన తండాలల్ల, గూడేలల్ల గడ్డి మందు అంటే ఇంకో అర్థం కూడా ఉన్నది. పేపర్ల ఏ రోజు చూసినా ఆ వార్త ఉంటది. నాకు తెలిసిన ఇంట్ల కూడా అయింది. కోపంల, అప్పు బాధల, ఒక్క నిమిషంల తీసుకున్న నిర్ణయం. తర్వాత బతకాలని ఎంత మొత్తుకున్నా, పారాక్వాట్‌కు విరుగుడు లేదని ముందే చెప్పిన. శ్రీలంకల 2008 నుంచి 2011 దాకా పారాక్వాట్‌ను, ఇంకో రెండు మందులను మెల్లమెల్లగ బంద్ చేసిన్రు. ఆత్మహత్యల చావులు తగ్గినయి, పంట దిగుబడి మాత్రం తగ్గలేదు. అంటే మందు చేతికి అందనప్పుడు, ఆ నిమిషం దాటిపోయినప్పుడు, మనిషి బతుకుతడు. మీ ఇంట్ల డబ్బా ఉంటే తాళం వేసిన పెట్టెల పెట్టించండి, మిగిలింది ఉంచుకోకండి. మీలో ఎవలికన్నా మనసు బాగలేకపోతే నాకు మెసేజ్ చేయండి, అర్ధరాత్రి అయినా సరే. 14416 టెలి మానస్ నంబర్ కూడా ఉన్నది, ప్రభుత్వానిదే, పైసలు పడవు, తెలుగుల మాట్లాడుతరు.

మరి ఏం చేద్దాం

ఊరికే వద్దు అంటే ఎవ్వరూ వినరు. అందుకే ఇట్ల చేద్దామని మా హాస్టల్ల చెప్పిన.

రోడ్డు అంచు నుంచి రెండడుగులు, గేటు ముందర, మూలమలుపు కాడ బ్రష్ కట్టర్‌తోని కోపియ్యాలె. వానాకాలంల నెలకు ఒకసారి సరిపోతది. కోసిన గడ్డిని చాచాకు ముందే చెప్తే ఆయనే వచ్చి తీసుకపోతడు.

వయ్యారిభామను పువ్వు రాకముందే, వాన పడి నేల మెత్తగున్నప్పుడు, వేరుతో సహా పీకాలె. చేతికి గ్లౌజులు, మూతికి మాస్క్, నిండు చేతుల అంగీ తప్పనిసరి. ఉబ్బసం ఉన్నోళ్ళు దూరం ఉండాలె. పువ్వొచ్చినంక పీకితే విత్తనం చల్లినట్టే అయితది. ప్రతి ఏడు ఆగస్టుల దీని మీద అవగాహన వారం దేశమంతా చేస్తరు. మన ఎన్ఎస్ఎస్ యూనిట్లు ఫోటో కోసం కాకుండా నిజంగ చేస్తే, ఒక్క ఆదివారంల మా రోడ్డు అయిపోతది. పీకిన జాగను ఖాళీగ వదలొద్దు, అక్కడ తంగేడు, గునుగు విత్తనం చల్లాలె.

ఎక్కడన్నా తప్పక మందే కొట్టాల్సి వస్తే, మూడు అడగండి: లైసెన్సు ఏది? కొట్టే మనిషికి గ్లౌజులు, బూట్లు, అద్దాలు ఏవి? పశువులు మేపేటోళ్ళకు తెలిసేటట్టు తెలుగుల, ఉర్దూల బోర్డు ఏది? ఈ మూడు లేకపోతే ఆపండి. ఫ్రాన్స్ దేశంల 2017 జనవరి నుంచి పార్కులు, రోడ్ల పక్కన ప్రభుత్వ సంస్థలు రసాయన మందులు కొట్టుడే బంద్ చేసిన్రు. 1962లనే రేచల్ కార్సన్ అనే అమెరికా శాస్త్రవేత్త "సైలెంట్ స్ప్రింగ్" పుస్తకంల రోడ్డు పక్కన మందు కొట్టుడు గురించి హెచ్చరించింది. అరవై ఏండ్లు దాటింది. మనం కొత్తగ కనిపెట్టాల్సిందేం లేదు.

ఊర్లల్ల ఉన్నోళ్ళు గ్రామసభల అడగండి: రోడ్డు పక్క గడ్డి కోసే పని మన కూలోళ్ళకే ఇయ్యాలె, మందు డబ్బాకు కాదు అని.

నిన్న రాత్రి నేను కొత్త లెటర్ రాసిన. దాంట్ల "అవాంఛిత" అనే మాట లేదు. గడ్డి కోపియ్యమని, మెస్ వెనుక చెత్త కుండీకి మూత పెట్టమని, డాబా మీద డ్రమ్ములకు మూతలు కొనమని రాసిన. ఇప్పటిదాకా ఆరు సంతకాలు వచ్చినయి. అవతల నలభై ఉన్నయి. ఆరు తక్కువే, కానీ ఆరింట్ల ఒకటి పోయినేడు పాము చూసిన తమ్మునిది.

ఆ అచ్చంపేట అన్న నంబర్ తీసుకోలేదు నేను. ఈ గ్రూపుల ఆయన తండా దిక్కోళ్ళు ఎవలన్నా ఉంటరేమో. పట్నంల మందు కొట్టే పనికి పోయే మన పిల్లగాండ్లు ఎవలున్నా, డబ్బా మీద ఏం రాసిందో ఫోటో తీసి ఇక్కడ పెట్టమని చెప్పండి. చదివి చెప్పెటోళ్ళం ఇంతమందిమి ఉన్నం. మొదలు అదన్నా చేద్దాం.

మీ హాస్టల్ల, మీ తండాల, మీ గూడెంల ఈ ముచ్చట ఎట్లున్నదో కింద రాయండి.

జోహార్.
— డిగ్రీ సెకండియర్, పాతబస్తీ హాస్టల్ నుంచి